పొద్దున్న చూద్దాంలే అనకండి

ఎనిమిదో నెల గర్భిణి తల పగిలిపోతోందని అంటే నుదుటికి బామ్ రాసి పడుకోబెట్టకండి. ఆ రాత్రే బీపీ చూపించండి. ఊళ్లో ఏఎన్‌ఎం ఉంటే తలుపు తట్టి లేపండి. లేకపోతే 108కి ఫోన్ చేయండి. తెల్లారనివ్వండి, డాక్టరమ్మ పదింటికి గానీ రాదు, ఈ వేళప్పుడు ఎక్కడికి వెళ్తాం... ఈ మాటలేవీ ఆ రాత్రి మీ ఇంట్లో వినపడకూడదు.

ఇంత గట్టిగా ఎందుకు చెబుతున్నానంటే, ఆ తలనొప్పి వెనక బీపీ 160 దాటి ఉండొచ్చు. అయిదో నెల దాటిన గర్భిణికి బీపీ 140/90 తాకిందంటేనే ఉపేక్షించకూడదు. దానికి తోడు మూత్రంలో ప్రొటీన్ పోతుంటే ప్రీఎక్లాంప్సియా అంటారు. కళ్ల ముందు మెరుపులు వస్తాయి. చూపు మసకేస్తుంది. కుడివైపు పక్కటెముకల కింద నొప్పి పుడుతుంది. అది గ్యాస్ నొప్పేమో అనుకుని సోడా తాగించిన ఇళ్లు ఎన్నో. ఆ తర్వాత వచ్చేది మూర్ఛ. మన పెద్దవాళ్లు గుర్రపువాతం అని భయపడింది దీనికే. అది వచ్చిందంటే తల్లికీ బిడ్డకీ ఇద్దరికీ ప్రాణగండం. మూర్ఛ రాకుండా ఆపే మందు మెగ్నీషియం సల్ఫేట్ ఇంజెక్షన్. ఖరీదైన మందేమీ కాదు. కానీ అది అందాలంటే అంతకు ముందే ఎవరో ఒకరు ఆమె చేతికి బీపీ పట్టీ చుట్టి ఉండాలి.

కడుపుతో ఉన్నప్పుడు కాళ్లు వాయడం మామూలేగా అంటారు. నిజమే. సాయంత్రానికి మడమల దగ్గర వాచి, కాళ్లు ఎత్తుగా పెట్టుకుని పడుకుంటే పొద్దుటికి తగ్గిపోయే వాపుకు భయపడనక్కర్లేదు. పొద్దున లేచేసరికే మొహం ఉబ్బిపోయి ఉంటే, ఉంగరం వేలికి దిగిపోయి ఊడిరాకపోతే, సీమంతానికి తొడిగిన గాజులు వారం తిరిగేసరికి మణికట్టుకు బిగుసుకుపోతే మాత్రం ఆగకండి. ఆ గాజుల్ని చూడండమ్మా. బీపీ మిషన్ లేని ఇంట్లో కూడా అవి కనపడతాయి.

మొదటి కాన్పులో బీపీ వచ్చినవాళ్లు రెండోసారి నెల తప్పగానే ఆ సంగతి డాక్టరుకు చెప్పాలి. మూడో నెల చివర్లో చిన్న మోతాదు ఆస్పిరిన్ మొదలుపెడితే ఈ ముప్పు కొంత తగ్గుతుంది. అది డాక్టరు రాసివ్వాల్సిన మందు, పక్కింటావిడ చెబితే వేసుకునేది కాదు. ఇంకో మాట. కాన్పు అయిపోయింది కదా అని ఈ గండం దాటిపోయినట్టు కాదు. పురుడు తర్వాత ఆరు వారాల దాకా బీపీ మీద కన్ను ఉండాల్సిందే.

మన రెండు రాష్ట్రాలూ ఈ విషయంలో చాలా దూరం వచ్చాయి. 2018–20 లెక్కల్లో దేశం మొత్తం మీద లక్ష సజీవ జననాలకు 97 మంది తల్లులు చనిపోతే, ఆంధ్రప్రదేశ్‌లో 45 మంది, తెలంగాణలో 43 మంది. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే నాటికి నూటికి 96, 97 కాన్పులు ఆస్పత్రుల్లోనే జరుగుతున్నాయి. మంత్రసానిని పిలవడానికి పరుగెత్తే రోజులు పోయాయి. అయినా తల్లులు పోతూనే ఉన్నారు. ఎక్కడ పోతున్నారు? ప్రసూతి వైద్యులు మూడు ఆలస్యాల గురించి చెబుతారు. ప్రమాదాన్ని గుర్తుపట్టి ఇంటి నుంచి బయల్దేరడంలో మొదటిది. దారిలో రెండోది. ఆస్పత్రికి చేరాక వైద్యం అందడంలో మూడోది.

రెండోదీ మూడోదీ ప్రభుత్వం సరిచేయాల్సినవి. అల్లూరి సీతారామరాజు జిల్లా కొండల్లో నిండు గర్భిణిని డోలీ కట్టి మోసుకొస్తున్నారంటే ఆ తప్పు ఆమె కుటుంబానిది కాదు. రోడ్డు అడుగుదాం, అంబులెన్సు అడుగుదాం, ఏరియా ఆస్పత్రిలో రక్తం నిల్వలు అడుగుదాం. సాలూరులో ఉన్నట్టు గర్భిణులు నెలలు నిండేలోపే వచ్చి ఉండే వసతి గృహాలు ప్రతి ఏజెన్సీ మండలానికీ కావాలని అడుగుదాం. మొదటి ఆలస్యం మటుకు మన గడప లోపలిది. దాని గురించే ఈ గోడు.

ఆ ఆలస్యం కాన్పు నాడు పుట్టింది కాదు. పదమూడేళ్ల పిల్లకు మొదటిసారి నెలసరి వచ్చిన నాడే దానికి విత్తనం పడింది. నొప్పిగా ఉందమ్మా అంటే ఓర్చుకోవాలి అన్నాం. ఎక్కువగా అవుతోందమ్మా అంటే అరవకు, నాన్న వింటాడు అన్నాం. అలా పదేళ్లు ఓర్చుకోవడం నేర్చిన పిల్ల తొమ్మిదో నెలలో ఉమ్మనీరు పోతున్నా అత్తగారికి చెప్పడానికి మొహమాటపడుతుంది. పడక ఏం చేస్తుంది? ఆమెకు మనం నేర్పిందే అది.

కాబట్టి ముందు ఆ పిల్ల దగ్గరికే వద్దాం.

నెలసరి 21 నుంచి 35 రోజులకోసారి రావడం, అయిదారు రోజులు ఉండి తగ్గిపోవడం సహజం. కొత్తగా మొదలైన పిల్లల్లో మొదటి రెండేళ్లు 45 రోజుల దాకా ఆలస్యమైనా కంగారు పడక్కర్లేదు. పదిహేనేళ్లు నిండినా అసలు రాకపోతే చూపించాలి. వచ్చాక మూడు నెలల పాటు ఆగిపోయినా చూపించాలి. ఒంటి బరువు పెరుగుతూ, గడ్డం మీద వెంట్రుకలు వస్తూ, నెలలు తప్పుతుంటే అది పీసీఓఎస్ కావచ్చు, థైరాయిడ్ కావచ్చు. రెంటికీ పరీక్షలున్నాయి, మందులున్నాయి. పెళ్లయితే అదే సర్దుకుంటుందనే మాట మాత్రం నమ్మకండి. పెళ్లి ఏ జబ్బుకూ మందు కాదు.

ఎక్కువ రక్తం పోతోందని తెలుసుకోవడం ఎలా? ఎవరూ గ్లాసుతో కొలవరు. గంటకో రెండు గంటలకో ప్యాడ్ మార్చాల్సి వస్తే ఎక్కువే. రాత్రి నిద్రలో లేచి మార్చుకోవాల్సి వస్తే, పరుపు మీద పాత దుప్పటి మడిచి వేసుకుని గాని పడుకోలేకపోతే ఎక్కువే. రూపాయి బిళ్ల కంటే పెద్ద గడ్డలు పడితే, ఎనిమిదో రోజుకీ ఆగకపోతే ఎక్కువే. మొదటి నెలసరి నుంచే ఇలా ఉన్న పిల్లకు చిగుళ్ల నుంచి, ముక్కు నుంచి కూడా రక్తం కారుతుంటే రక్తం గడ్డకట్టే గుణంలోనే లోపం ఉండొచ్చు. ఆ పరీక్ష చేయించమని మీరే అడగండి.

నొప్పి సంగతీ అంతే. మొదటి రోజు కాస్త కడుపునొప్పి, నడుంనొప్పి ఉండి, ఒక మాత్రతో తగ్గిపోతే సరే. ప్రతి నెలా బడి మానేసేంత నొప్పి సరే కాదు. ఏడాదికేడాది పెరిగే నొప్పి, మలవిసర్జనప్పుడు కూడా పొడిచే నొప్పి, పెళ్లయినవాళ్లలో భార్యాభర్తలు కలిసినప్పుడు లోపల మెలిపెట్టే నొప్పి ఎండోమెట్రియోసిస్ లక్షణాలు. గర్భసంచి లోపలి పొర లాంటిదే బయట పెరిగే జబ్బు ఇది. దీన్ని కనిపెట్టేసరికి ఏళ్లు గడిచిపోతాయి. కారణం, ఆడపిల్ల నొప్పిని ఇంట్లోనే కాదు, కొన్నిసార్లు ఆస్పత్రిలో కూడా ఎవరూ లెక్కలోకి తీసుకోరు.

ఇలా నెలనెలా పోయే రక్తం ఎక్కడ తేలుతుందో చూడండి. అదే కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో రక్తహీనత ఉన్నవాళ్లు ఆంధ్రప్రదేశ్‌లో 58.8 శాతం, తెలంగాణలో 57.6 శాతం. సగానికి సగం దాటి! గర్భిణుల్లోనూ సగం మందికి పైనే. ఆడవాళ్లకు హిమోగ్లోబిన్ 12 ఉండాలి. గర్భిణికి 11కి తగ్గకూడదు. 7 కంటే దిగిపోతే అది తీవ్రమైన రక్తహీనత, మాత్రలతో కాలక్షేపం చేసే దశ దాటినట్టే.

మీ ఇంట్లో పిల్ల బలపాలు తింటోందా? పచ్చి బియ్యం నములుతోందా? గోడ సున్నం గీకి నోట్లో వేసుకుంటోందా? తిట్టకండి. చేతిమీద కొట్టకండి. ఒంట్లో ఇనుము తగ్గిన మనిషికి మట్టి మీదకీ సుద్ద మీదకీ మనసు పోతుంది. అది చెడ్డ అలవాటు అనుకుని బలపాల డబ్బా దాచేస్తే లోపలి లోపం అలాగే ఉండిపోతుంది. కింది కనురెప్పను వేలితో మెల్లిగా కిందికి లాగి చూడండి. లోపల ఎర్రగా ఉండాలి. పాలిపోయి ఉంటే పీహెచ్‌సీకి తీసుకెళ్లి రక్తం పరీక్ష చేయించండి. మెట్లెక్కితే ఆయాసం, జుట్టు రాలడం, చదివింది బుర్రకెక్కకపోవడం, ఊరికే విసుక్కోవడం, వీటన్నిటి వెనకా రక్తహీనత ఉండొచ్చు.

మందు మన బడిలోనే ఉంది. వారానికో నీలం రంగు ఐరన్ మాత్ర పిల్లలకు ఉచితంగా ఇస్తారు. గర్భిణికి నాలుగో నెల నుంచి రోజుకో ఎర్ర మాత్ర, 180 రోజులు. కాన్పయ్యాక మళ్లీ 180 రోజులు. ఇచ్చిన మాత్రలు ఎన్ని బీరువాల్లో, ఎన్ని దిండ్ల కింద పడి ఉంటున్నాయో ఆశా కార్యకర్తలను అడగండి. మాత్ర వేసుకుంటే బిడ్డ నల్లగా పుడుతుందని కొందరి భయం. బిడ్డ లావై కాన్పు కష్టమవుతుందని ఇంకొందరి భయం. రెండూ నిజం కాదు. విరేచనం నల్లగా అవుతుంది, నిజం. దానివల్ల ఏ హానీ లేదు. వికారంగా ఉంటే రాత్రి పడుకోబోయే ముందు వేసుకోండి. టీ, కాఫీలతో మాత్రం వేసుకోకండి, అవి ఇనుమును ఒంటికి పట్టనివ్వవు. నిమ్మరసంతో వేసుకుంటే బాగా పడుతుంది. గోంగూర, తోటకూర, రాగులు తినండి, మంచిదే. కానీ హిమోగ్లోబిన్ 8కి పడిపోయిన మనిషిని దానిమ్మకాయలు లేపవు. మాత్ర కావాలి. అప్పటికీ పెరగకపోతే నరానికి ఎక్కించే ఐరన్ కావాలి.

ఇక దేవుడి పేరుతో జరుగుతున్న ఒక పని గురించి చెప్పాలి. శ్రావణ శుక్రవారం వ్రతమనో, తిరుమల టికెట్ దొరికిందనో, గృహప్రవేశానికి డేట్ అడ్డం వస్తుందనో మెడికల్ షాపుకు వెళ్లి నెలసరి వాయిదా మాత్రలు కొంటున్నారు. కొన్నిసార్లు కూతురి కోసం తల్లి కొంటుంది, కోడలి కోసం అత్త కొంటుంది. వేసుకునే మనిషిని ఎవరూ ఒక్క ప్రశ్న కూడా అడగరు. అది నోర్‌ఎథిస్టెరోన్ అనే హార్మోన్. చాలామందికి ఏమీ కాదు. కొందరికి మాత్రం కాలి సిరలో రక్తం గడ్డకడుతుంది. ఆ గడ్డ కదిలి ఊపిరితిత్తుల్లోకి వెళితే నిమిషాల్లో ప్రాణం పోవచ్చు.

ఆ కొందరు ఎవరు? ఇదివరకు రక్తం గడ్డకట్టినవాళ్లు, ఇంట్లో తల్లికో తోబుట్టువుకో అలా జరిగినవాళ్లు, అధిక బరువు ఉన్నవాళ్లు, కళ్ల ముందు మెరుపులతో పార్శ్వనొప్పి వచ్చేవాళ్లు, కాలేయం జబ్బు ఉన్నవాళ్లు, రొమ్ము క్యాన్సర్ వచ్చినవాళ్లు. వీళ్లు ఆ మాత్ర ముట్టకూడదు. ఇవన్నీ అడిగి తెలుసుకోవడానికే డాక్టరు చీటీ అనేది పెట్టారు. ఒకవేళ వేసుకున్నాక ఒక కాలి పిక్క వాచి, ఎర్రబడి, నొప్పి పెడితే, ఛాతీలో నొప్పి, ఆయాసం వస్తే అమృతాంజనాలూ ఆవిరులూ వద్దు. నేరుగా పెద్దాసుపత్రికి వెళ్లండి. ఫలానా మాత్ర వేసుకున్నానని మొదటి మాటగా చెప్పండి. భక్తిని తక్కువ చేసి నేనీ మాట అనడం లేదు. వ్రతం మరో శుక్రవారానికి జరుపుకోవచ్చు. అమ్మవారు ఏమీ అనుకోదు తల్లీ.

అదే మెడికల్ షాపులో దొరికే మరో రకం మాత్రలు ఇంతకంటే భయపెడతాయి. నెల తప్పితే గుట్టుగా గర్భం పోగొట్టుకోవడానికి వేసుకునేవి. మగవాళ్లు వెళ్లి కొనుక్కొస్తారు, డాక్టరు ముఖం చూసేది లేదు. ఆ మందులు చెడ్డవి కావు, డాక్టరు చేతిలో ఎంతో భద్రమైనవి. కానీ ఎన్ని వారాల గర్భమో తెలియాలి. తొమ్మిది వారాలు దాటాక సొంతంగా వేసుకుంటే ఆగని రక్తస్రావం, ముక్కలు లోపలే ఉండిపోయి చీము పట్టడం. అన్నిటికంటే ముందు గర్భం ఎక్కడుందో తెలియాలి. నూటికి ఒకరిద్దరిలో పిండం గర్భసంచిలో కాకుండా ట్యూబులో నాటుకుంటుంది. దాని మీద ఈ మాత్ర పనిచేయదు. పనిచేసిందనుకుని ఇంట్లో కూర్చుంటే ఒక రోజు ట్యూబు పగులుతుంది. పొత్తికడుపులో ఒకవైపు కోసేసినట్టు నొప్పి, కళ్లు తిరగడం, ఒక్కోసారి భుజం చివర నొప్పి. బయటికి కనిపించే రక్తం చుక్కలే, లోపల పోయేది లీటర్లు.

నెల తప్పి, ఆ మీదట పొత్తికడుపులో నొప్పి వచ్చిందంటే స్కానింగ్ అయ్యేదాకా మీ మనసు కుదుటపడకూడదు.

గర్భం వద్దనుకుంటే దాపరికం అక్కర్లేదు. 1971 నుంచీ చట్టం ఉంది. 2021లో దాన్ని సవరించారు. 20 వారాల వరకు ఒక డాక్టరు అభిప్రాయం చాలు, కొన్ని ప్రత్యేక పరిస్థితుల్లో ఇద్దరు డాక్టర్ల అభిప్రాయంతో 24 వారాల వరకు. పెళ్లి కాని ఆడవాళ్లకూ ఈ హక్కు ఉందని 2022లో సుప్రీంకోర్టు తేల్చిచెప్పింది. పేరు బయట పెట్టకూడదని చట్టంలోనే ఉంది. ఆర్‌ఎంపీ దగ్గరకు చీకట్లో పోవాల్సిన అగత్యం ఎవరికీ లేదు.

రక్తం గ్రూపు నెగెటివ్ అయిన ఆడవాళ్లు మరొకటి గుర్తుపెట్టుకోవాలి. కాన్పు అయినా, గర్భం పోయినా, మీ గ్రూపు సంగతి ఆరోజే చెప్పండి. 72 గంటల్లోపు యాంటీ-డి ఇంజెక్షన్ పడకపోతే వచ్చే కాన్పులో బిడ్డకు ముప్పు రావచ్చు.

నెలలు గడిచేకొద్దీ చూసుకోవాల్సినవి మారుతాయి. ఏడో నెల తర్వాత ఏ కాస్త రక్తం కనిపించినా, నొప్పి ఉన్నా లేకపోయినా ఆస్పత్రికే. నొప్పి లేకుండా ఎర్రగా పోతుంటే మాయ కిందకు దిగి ఉండొచ్చు. కడుపు రాయిలా బిగుసుకుపోయి నొప్పితో పోతుంటే మాయ విడిపోతూ ఉండొచ్చు. ఉమ్మనీరు పోతే నొప్పులు మొదలు కాలేదు కదా అని ఆగొద్దు. బిడ్డ కదలికలు తగ్గాయనిపిస్తే ఏదైనా తిని ఎడమవైపు తిరిగి పడుకుని గమనించండి. అప్పటికీ రోజూ ఉండే కదలిక లేకపోతే బయల్దేరండి. నెలలు నిండితే బిడ్డ కదలడం తగ్గుతుందనే మాటను ఏ డాక్టరూ ఒప్పుకోరు. ఆరో నెలలో గ్లూకోజు తాగించి చేసే షుగర్ పరీక్షను ఎగ్గొట్టకండి, మా వంశంలో షుగర్ లేదనుకుని.

పద్దెనిమిది నిండకుండా పెళ్లిళ్లు చేస్తున్న తల్లిదండ్రులకు ఒక్క మాట. అదే కుటుంబ ఆరోగ్య సర్వే నాటికి ఆంధ్రప్రదేశ్‌లో 15–19 ఏళ్ల ఆడపిల్లల్లో 12.6 శాతం మంది అప్పటికే తల్లులై ఉన్నారు, లేదా గర్భంతో ఉన్నారు. కటి ఎముకలు ఇంకా పూర్తిగా ఎదగని పిల్లలు వాళ్లు. పైన చెప్పిన బీపీ ముప్పు, రక్తహీనత వాళ్లకు పెద్దవాళ్ల కంటే ఎక్కువ. మంచి సంబంధం మూడేళ్ల తర్వాత కూడా దొరుకుతుంది.

కాన్పంటే ఆడదానికి పునర్జన్మ అంటాం. ఆ మాటకు లెక్క ఉంది. నెలలు నిండిన గర్భసంచికి నిమిషానికి అర లీటరు పైనే రక్తం పారుతుంది. బిడ్డ, మాయ బయటపడగానే అది పిడికిలిలా ముడుచుకుని రక్తనాళాలను నొక్కేయాలి. ముడుచుకోకపోతే నిమిషాల్లో మంచం తడిసిపోతుంది. ఆస్పత్రి అయితే ఇంజెక్షన్లున్నాయి, గర్భసంచిని మర్దన చేసి ముడుచుకునేలా చేస్తారు. రక్తస్రావం తగ్గించే ట్రానెక్సామిక్ ఆసిడ్ మూడు గంటల్లోపు ఇస్తేనే మేలు. ఇక్కడే పాత లెక్క ముందుకొస్తుంది. హిమోగ్లోబిన్ 12 ఉన్న మనిషి అర లీటరు పోయినా తట్టుకుంటుంది. 7 ఉన్న మనిషికి అంత రక్తమే ప్రాణాంతకం కావచ్చు. పదమూడేళ్ల నాడు పట్టించుకోని నెలసరి, బీరువాలో మిగిలిపోయిన ఎర్ర మాత్రలు, అన్నీ ఆ అరగంటలో లెక్కకు వస్తాయి.

అందుకని పురిటికి బయల్దేరే ముందే ఇద్దరు రక్తదాతలను మాట్లాడి పెట్టుకోండి. వాళ్ల ఫోన్ నంబర్లు తీసుకోండి. బిడ్డ పుట్టగానే స్వీట్లు పంచడానికి అందరూ కదిలిపోకండి. మొదటి రెండు గంటలు ఒక పెద్దావిడ తల్లి పక్కనే ఉండాలి, బిడ్డ పక్కన కాదు. ప్యాడ్ తడిసిపోతున్నా, దాహం దాహం అంటున్నా, ఒళ్లు చల్లబడి చెమటలు పడుతున్నా సిస్టరును పిలవండి. మళ్లీ మళ్లీ పిలవండి. విసుక్కుంటారని మొహమాటపడకండి.

ఇంటికొచ్చాక పచ్చి బాలింత సంగతి. పథ్యం పేరుతో నీళ్లు ఇవ్వని ఇళ్లు ఇప్పటికీ ఉన్నాయి. ఎక్కువ తాగితే ఒళ్లు నీరు పడుతుందని, పొట్ట పెరుగుతుందని. అత్తగారూ, అమ్మగారూ, మీ ప్రేమను శంకించడం లేదు. మీకూ అలాగే చేశారు, మీరు బతికి బయటపడ్డారు. కానీ ఒంట్లో నీరు తగ్గి రక్తం చిక్కబడితే కాలి సిరలో, ఒక్కోసారి మెదడు సిరలో గడ్డకట్టే ముప్పు ఉంది. అది తీవ్రమైన తలనొప్పితో మొదలై మూర్ఛలోకి, పక్షవాతంలోకి పోగలదు. కాన్పు తర్వాతి రోజుల్లో రక్తానికి గడ్డకట్టే గుణం ఎటూ ఎక్కువే. దాహమైనప్పుడల్లా నీళ్లు ఇవ్వండి. పప్పు, గుడ్డు, ఆకుకూర, పండు పెట్టండి. వెల్లుల్లి కారం ముద్ద ఒక్కటే పెట్టి పాలు పడాలంటే ఎక్కడి నుంచి వస్తాయి? గదిలో మంచానికే కట్టేయకుండా రోజూ నాలుగడుగులు నడవనివ్వండి.

జ్వరం, చలి, దుర్వాసనతో మైల పోవడం, కుట్ల దగ్గర చీము కనిపిస్తే అది ఇన్‌ఫెక్షన్. పసరు మందులతో తగ్గదు. మరొకటి ఎవరూ చెప్పుకోరు. బిడ్డను చూసినా మనసు కదలకపోవడం, రెండు వారాలు దాటినా ఏడుపు ఆగకపోవడం, నేను చచ్చిపోతే బాగుండు అనడం. గాలి సోకిందని తాయెత్తు కట్టించకండి. ఆమెను ఒంటరిగా వదలకండి. 14416కు ఫోన్ చేస్తే టెలిమానస్ అనే ప్రభుత్వ మానసిక ఆరోగ్య సేవలో తెలుగులోనే మాట్లాడతారు.

నలభైలోకి వచ్చిన అక్కచెల్లెళ్లకు చెప్పాల్సింది వేరు. గర్భసంచి తీసేయించుకుంటే పీడ పోతుందని సలహా ఇచ్చేవాళ్లు మన దగ్గర ఎక్కువ. ఆ కుటుంబ ఆరోగ్య సర్వే నాటికి 49 ఏళ్లలోపు ఆడవాళ్లలో గర్భసంచి తీయించుకున్నవాళ్లు దేశంలో నూటికి ముగ్గురైతే, ఆంధ్రప్రదేశ్‌లో దాదాపు తొమ్మిది మంది, తెలంగాణలో ఎనిమిది మంది. తెల్లబట్ట అవుతోందని, నడుం నొప్పని, క్యాన్సర్ వస్తుందేమోనని ముప్పయిల్లోనే తీయించుకున్నవాళ్లున్నారు. తెల్లబట్టకు మందులున్నాయి. ఎక్కువ రక్తస్రావానికి మాత్రలున్నాయి, గర్భసంచిలో అమర్చే హార్మోన్ లూప్ ఉంది. చిన్న ఫైబ్రాయిడ్లలో చాలావాటికి ఆపరేషనే అక్కర్లేదు. గర్భసంచితో పాటు అండాశయాలూ తీసేస్తే ఒక్కరోజులో ముట్లుడిగిన మనిషి అవుతుంది. ఎముకలు గుల్లబారతాయి, గుండెజబ్బు ముప్పు పెరుగుతుంది. మిరపకోతలకు, నాట్లకు వంగి పనిచేసే మనిషికి అది జీవితకాలపు నష్టం. నిజంగా తీయక తప్పని సందర్భాలున్నాయి. అందుకే రెండో డాక్టరుకు చూపించండి. అండాశయాలు ఉంచుతారా అని నోరు తెరిచి అడగండి.

ముట్లుడిగి ఏడాది దాటాక ఒక్క చుక్క కనిపించినా మాత్రం ఆలస్యం వద్దు. మళ్లీ వచ్చిందేమిటో అని నవ్వుకుని ఊరుకుంటారు. సిగ్గుపడి కొడుక్కి చెప్పరు. అది గర్భసంచి లోపలి పొర క్యాన్సర్‌కు మొదటి గుర్తు కావచ్చు. అప్పుడే పట్టుకుంటే నయమయ్యే క్యాన్సర్లలో అదొకటి. భర్తతో కలిశాక రక్తం కనిపిస్తే గర్భసంచి ముఖద్వారాన్ని పరీక్ష చేయించుకోవాలి. ముప్పై దాటిన ప్రతి ఆడమనిషికీ ఆ పరీక్ష ప్రభుత్వాసుపత్రుల్లో చేయాలని ఉంది, నొప్పి లేకుండా నిమిషాల్లో అయిపోతుంది. ఇంట్లో 9 నుంచి 14 ఏళ్ల ఆడపిల్లలుంటే హెచ్‌పీవీ టీకా గురించి డాక్టరును అడగండి.

మగవాళ్లు ఇదంతా ఆడవాళ్ల గొడవ అనుకుని పక్కకు పెట్టొద్దు నాయనా. బండి తాళం మీ దగ్గర ఉంటుంది, డబ్బు మీ దగ్గర ఉంటుంది, అర్ధరాత్రి బయల్దేరదామా వద్దా అనే మాట మీ నోటి నుంచే రావాలి. ప్రతి నెలా 9న ప్రభుత్వాసుపత్రుల్లో గర్భిణులకు డాక్టరు ప్రత్యేకంగా పరీక్ష చేసే ఏర్పాటు 2016 నుంచీ ఉంది. ఆరోజు సెలవైతే తర్వాతి పనిదినాన చేస్తారు. ఆ పూట పని మానుకుని మీరే వెంట వెళ్లండి. బీపీ ఎంత, హిమోగ్లోబిన్ ఎంత, రక్తం గ్రూపు ఏది, కార్డులో రాయించండి. ఆ పేజీని ఫోటో తీసి మీ ఫోన్‌లో, మీ అమ్మ ఫోన్‌లో పెట్టుకోండి. ఈ నెల 9 దాటిపోయి ఉంటే వచ్చే నెల కోసం ఆగకండి. పీహెచ్‌సీలో బీపీ ఏ రోజైనా చూస్తారు.